అరవై ఒకటి దగ్గర ఆగిపోయిన అంకె

మా అపార్ట్‌మెంటులో ఉండే ఒకమ్మాయికి ఈమధ్య కువైట్‌లో ఉద్యోగం వచ్చింది. సర్వర్లు చూసుకునే పని. వెళ్ళేముందు మా ఇంటికి వచ్చి, "అంకుల్, ఇంకా ఏమేం నేర్చుకుని వెళ్ళమంటారు?" అని అడిగింది. రెండు మూడు కోర్సుల పేర్లు చెప్పి, కాఫీ ఇచ్చి పంపించాం. ఆమె లిఫ్టు ఎక్కేలోపే నాకు సిగ్గేసింది. ఇరవై రెండేళ్ళు నేనక్కడ చేసిన పనికీ, ఇప్పుడు చెప్పిన కోర్సులకీ ఏమీ సంబంధం లేదు. అందుకని ఆ అమ్మాయికీ, ఆమెలాగా వెళ్ళే పిల్లలకీ కూర్చుని ఇది రాస్తున్నాను.

నాకు ప్రమోషన్లు ఎప్పుడొచ్చాయో, జీతం ఎంత పెరిగిందో ఇందులో ఉండవు. అవి చెప్పబోతే మా ఆవిడే లేచి వెళ్ళిపోతుంది, మీకెందుకు? ఒక మాట మాత్రం ముందే చెప్పాలి. నేను గొప్ప పనిమంతుణ్ణేమీ కాదు. నాకు మంచివాళ్ళు తగిలారు. వాళ్ళు నేర్పింది నేను ఒక్కొక్కసారి సగమే నేర్చుకున్నాను. ఆ మిగిలిన సగం గురించే ఎక్కువ రాస్తాను.

నకలు ముందు, వైద్యం తరవాత

నేను కువైట్ వెళ్ళింది తొంభైల నడుమ. కువైట్ సిటీలో కంప్యూటర్లు అమ్మి, బాగుచేసిపెట్టే ఒక చిన్న కంపెనీ. మా సర్వీసు విభాగానికి పెద్ద, సమీర్ గారు. ఈజిప్టు మనిషి, పొట్టిగా, లావుగా ఉండేవారు. మెట్లెక్కితే ఆయాసం, మాట్లాడితే నిదానం. మేము హడావిడి పడితే "ష్వయ్య ష్వయ్య" అనేవారు. మెల్లగా, మెల్లగా అని దానికి అర్థం. మొదట్లో ఆయన బద్ధకస్తుడని అనుకున్నాను.

ఒకరోజు ఊళ్ళోనే ఉన్న ఒక ఆర్కిటెక్టు ఆఫీసు నుంచి ఫోను. కంప్యూటరు టకటకమని చప్పుడు చేస్తోంది, ఫైళ్ళు తెరుచుకోవడం లేదు. నేను వెళ్ళాను. విజయవాడలో నాలుగేళ్ళు చేసిన అనుభవం ఉంది కదా, ధీమా. రిపేరు చేసే ప్రోగ్రాం ఒకటి నా దగ్గర ఉండేది. దాన్ని నేరుగా ఆ డిస్కు మీద నడిపాను. ప్రాణం కొట్టుకుంటున్న డిస్కును మధ్యాహ్నం దాకా పరిగెత్తించాను. భోజనాల వేళకి చప్పుడు ఆగిపోయింది. డిస్కూ ఆగిపోయింది. ఎనిమిది నెలల పాటు గీసిన ఒక పెద్ద భవనం ప్లాన్లు అందులో ఉన్నాయి.

సమీర్ గారు నన్ను వెంటబెట్టుకుని ఆ ఆఫీసుకు వెళ్ళారు. దారంతా నేను ఒక మాట తయారు చేసుకున్నాను, "డిస్కు అప్పటికే పోయింది" అని. ముప్పాతిక వంతు నిజమే కూడా. ఆయన నన్ను మాట్లాడనివ్వలేదు. ఆర్కిటెక్టు ఎదుట నిలబడి, "డిస్కు చావడానికి సిద్ధంగా ఉంది, అది నిజం. కానీ చంపింది మేమే" అన్నారు. "ఇతను" అనలేదు, "మేమే" అన్నారు. ఆ పెద్దమనిషి చాలాసేపు తిట్టాడు. సమీర్ గారు తలవంచుకుని విన్నారు, పక్కన నేనూ విన్నాను.

తిరిగి వస్తూ కార్లో అన్నారు: "జ్వరంతో పడుకున్నవాణ్ణి లేపి పరిగెత్తిస్తావా? ముందు నకలు తీసుకో. నీ తెలివంతా ఆ నకలు మీద చూపించు. అసలుదాన్ని ముట్టుకోకు." అంతే. జీతంలో కోత లేదు, నలుగురిలో చిన్నబుచ్చడం లేదు.

చెడిపోయిన దాన్ని ముట్టుకునేముందు నకలు తీసుకోవాలన్నది ఆ రోజు నుంచి నా ఒంట్లో ఇంకిపోయింది. పొరపాటు మనదైతే మనదని చెప్పాలన్నది మాత్రం అంత తేలిగ్గా ఇంకలేదు. అది తరవాత తెలిసింది.

అరగంట అనే మాట

ఇది చిన్న విషయం, కానీ చెప్పకపోతే ఊరుకోలేను. మా కంపెనీలో ఒక సేల్స్ మేనేజరు ఉండేవాడు. పేరు ఎందుకు లెండి. ఏ కస్టమరు ఎప్పుడు చేస్తారని అడిగినా, "అరగంట" అని మాటిచ్చేసేవాడు. ఆ అరగంటలు మోసింది మేము. డిస్కు చదవడానికి పట్టేంత సేపు పడుతుంది, దానికి మేనేజరంటే భయం లేదు. మీరు ఎవరికీ అరగంట అని చెప్పకండి. "తెలియదు, రెండు గంటలకోసారి ఫోన్ చేసి ఎంతవరకు వచ్చిందో చెబుతాను" అనండి. మొదట విసుక్కుంటారు. రెండో ఫోను టైముకి వస్తే నమ్ముతారు.

నకలంటే భయపడే యజమాని

ఇక అసలు సంగతి. సాల్మియాలో సముద్రానికి రెండు వీధుల లోపల ఒక స్టూడియో ఉండేది. దాని యజమాని కువైటీ ఆవిడ. యూసుఫ్ అనే కొడుకు ఉన్నాడు కనుక అందరూ ఆమెను ఉమ్ యూసుఫ్ అనేవారు, యూసుఫ్ తల్లి అని. పెళ్ళిళ్ళలో ఆడవాళ్ళ హాలుని వీడియో తీయడం ఆ స్టూడియో పని.

ఆ పనేమిటో తెలియనివాళ్ళకు చెప్పాలి. అక్కడి పెళ్ళిళ్ళలో ఆడవాళ్ళకు వేరే హాలు. లోపల మగపురుగు ఉండదు కనుక వాళ్ళు తలమీద ముసుగు తీసేసి, నగలు పెట్టుకుని, ఆడి పాడతారు. వచ్చిన చుట్టాల ఫోన్లు కూడా గుమ్మం దగ్గరే తీసుకుంటారు. వీడియో తీసేదీ ఆడవాళ్ళే, దాన్ని కూర్చేదీ ఆడవాళ్ళే. అందులో ఒక్క బొమ్మ బయటికి పొక్కిందా, ఆ ఇంటి పరువుతోపాటు ఉమ్ యూసుఫ్ వ్యాపారమూ పోతుంది.

అందుకని ఆమె నియమాలు గట్టివి. పెళ్ళి నుంచి రాగానే కెమెరా కార్డులన్నీ సర్వరులోకి ఎక్కించి, కార్డులు తుడిచేయాలి. స్టూడియో కట్టేసేటప్పుడు ఏ కంప్యూటరుకీ పెన్‌డ్రైవు తగిలించి ఉండకూడదు. ఉన్నవన్నీ ఏరి ఆమె గదిలో ఇనప పెట్టెలో వేయాలి. పొద్దున్న ఆమె వాటిని ఒకటొకటిగా, లోపలేముందో చూడకుండానే, తుడిచేసేది. నేను వెళ్ళినా వెనక తలుపు నుంచి సర్వరు గదిలోకి వెళ్ళి, అటునుంచే తిరిగి రావాలి. ఎడిటింగ్ గదిలోకి అడుగు పెట్టడానికి లేదు.

"మేడమ్, ఇదంతా ఒక్క సర్వరు మీదే ఉంటోంది. ఇంకో నకలు వేరేచోట పెట్టుకుందాం" అని ఎన్నోసార్లు చెప్పాను.

"ముహందిస్, నువ్వు నకలు అన్నప్పుడల్లా నాకు నిద్ర పట్టదు. ఒక తాళానికి ఒకే తలుపు ఉండాలి" అనేది. ముహందిస్ అంటే ఇంజినీరు. అక్కడ స్క్రూడ్రైవరు పట్టుకున్న ప్రతివాడూ ముహందిసే.

ఆమె మాటలో తప్పు పట్టలేకపోయాను. కానీ ఆ ఎండలకి, ఆ దుమ్ముకి డిస్కులు ఎప్పుడు పోతాయో తెలియదు. అంతకుముందు వేసవిలోనే ఏసీ ఆగిపోయి ఒకటి పోయింది. ఆ సర్వరులో మూడు డిస్కులు కలిసి ఒకే పెద్ద డిస్కులా పనిచేసేవి. వాటిలో ఏ ఒక్కటి పోయినా మిగతా రెండిట్లోంచి పోయినదాన్ని లెక్కగట్టి తిరిగి రాసుకునే ఏర్పాటు. సాఫ్ట్‌వేరుతోనే నడిచేది, దానికి ప్రత్యేకమైన కార్డులేవీ లేవు. ఒకేసారి రెండు పోతే మాత్రం అంతా పోతుంది. నకలు ఎలాగూ ఒప్పుకోదు కదా, నాలుగో డిస్కు చేర్చి, రెండు పోయినా తట్టుకునేట్టు మారుద్దామన్నాను. దానికి ఒప్పుకుంది. రెండువేల పదకొండో, పన్నెండో అయి ఉంటుంది.

రాహేలు

ఆ స్టూడియోలో కెమెరాలు పట్టేది నలుగురు ఫిలిప్పీన్స్ అమ్మాయిలు. తీసినదంతా కోసి, కూర్చి, పాట కలిపి సినిమాలా చేసేది రాహేలు. మన నరసాపురం వైపు మనిషి. మొదట ఉమ్ యూసుఫ్ ఇంట్లో పనిమనిషిగా వచ్చింది. ఆ ఇంటి ఆడపిల్లల దగ్గర కూర్చుని కంప్యూటరు నేర్చుకుంది. పిల్లలు చదువులకు వెళ్ళిపోయాక ఉమ్ యూసుఫ్ ఆమెను ఇంటి వీసా నుంచి స్టూడియో వీసాకి మార్పించింది. అది అక్కడ చిన్న మేలు కాదు. అందుకే ఎడిటరయ్యాక కూడా యజమానిని మామా అనే, అంటే అమ్మా అనే, పిలిచేది. ఊళ్ళో చిన్నకూతురు నర్సింగు రెండో ఏడు చదువుతోంది.

నేను వెనక తలుపు దగ్గరకి రాగానే, "ఆయ్, అన్నయ్యగారు వచ్చేరండి" అని లోపలికి ఒక కేక వేసేది, ఆడపిల్లలు సర్దుకోవడానికి. వాళ్ళకి తెలుగు రాకపోయినా ఆ కేక అర్థమయ్యేది. తెలుగు మాట వినబడగానే నాకు ఇల్లు గుర్తొచ్చేది.

నా రెండు పొరపాట్లు

ఒక శనివారం మధ్యాహ్నం పని మొదలుపెట్టాను. మూడు డిస్కుల్లో ఉన్నదాన్ని నాలుగింటికి కొత్త లెక్కతో సర్దాలి. ఎలాగంటే, మూడు డబ్బాల్లోని బియ్యాన్ని కొత్త కొలతతో సర్దాలి, కానీ పోసుకోవడానికి వేరే ఖాళీ జాగా లేదనుకోండి. ఒక చేటెడు పక్కకి తీసుకుని, ఆ ఖాళీలో సర్ది, మళ్ళీ ఇంకో చేటెడు తీస్తాం. మధ్యలో కరెంటు పోయినా చేటలో ఉన్నది భద్రంగా ఉంటుంది, కనుక ఆగినచోట నుంచి కొనసాగించవచ్చు. డిస్కుల విషయంలో ఆ చేట ఒక చిన్న ఫైలు. అది ఆ డిస్కుల మీద కాకుండా బయట ఎక్కడో ఉండాలి. ఆ సర్వరు పెట్టెలో వేరే డిస్కు లేదు. జేబులో ఉన్న పెన్‌డ్రైవు వెనకవైపు తగిలించి, చేటని దాంట్లో పెట్టాను. పని మొదలైంది. తెర మీద శాతం అంకె నెమ్మదిగా పెరుగుతోంది. పూర్తయ్యేసరికి మర్నాడు తెల్లవారుతుందని లెక్క. తలుపు వేసుకుని వచ్చేశాను.

పెన్‌డ్రైవు తియ్యవద్దని ఎవరికీ చెప్పలేదు. ఒక కాగితం ముక్క అంటించలేదు. పెన్‌డ్రైవులు ఏరే నియమం నాకు తెలియనిది కాదు, మూడేళ్ళుగా వింటున్నదే. నా పెన్‌డ్రైవు కూడా పెన్‌డ్రైవే అన్న ఆలోచన రాలేదు. ఇది మొదటి పొరపాటు.

ఆదివారం పొద్దున్న రాహేలు ఫోన్ చేసింది. "అన్నయ్యగారండి, ఏ పెళ్ళీ తెరుచుకోటం లేదండి. అన్నీ అలా బిగుసుకుపోయేయి."

నేను మంగఫ్‌లో ఒక లేబర్ క్యాంపు ఆఫీసులో ప్రింటరు ముందు చెమటలు కక్కుతున్నాను. ఆలోచించకుండా, "ఆ సర్వరు ఒకసారి ఆపేసి, మళ్ళీ వేసెయ్" అన్నాను. ఇది రెండో పొరపాటు, మొదటిదానికన్నా పెద్దది. ఆపకుండా ఉంచి ఉంటే లోపల ఏం జరిగిందో చూసే వీలుండేది.

మధ్యాహ్నానికి సాల్మియా చేరాను. నాలుగు డిస్కులూ తిరుగుతున్నాయి, పచ్చ లైట్లు వెలుగుతున్నాయి. ఒక్క ఫైలు కనబడదు. పని అరవై ఒకటో శాతం దగ్గర ఆగింది. కొనసాగించమంటే, చేట ఏదని అడుగుతోంది. చేట లేనిదే ముందుకు పోనంటోంది. వెనక్కి పోవడానికీ లేదు, ఎందుకంటే నూటికి అరవై ఒక్క వంతులు కొత్త లెక్కలో, మిగతాది పాత లెక్కలో ఉంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

సర్వరు వెనక చెయ్యి పెట్టి తడిమాను. పెన్‌డ్రైవు లేదు.

నేను నోరు విప్పని పూట

రాహేలు శనివారం కట్టేసేముందు అన్ని గదులూ తిరిగి, నా పెన్‌డ్రైవు తీసి ఇనప పెట్టెలో వేసింది. ఉమ్ యూసుఫ్ ఆదివారం పొద్దున్నే దాన్ని తుడిచేసింది. ఇద్దరూ ఎవరి పని వాళ్ళు సరిగ్గానే చేశారు.

ఆ సర్వరులో మూడు పెళ్ళిళ్ళు ఉన్నాయి. కార్డులు ఎప్పుడో తుడిచేశారు, కనుక వాటికి వేరే ప్రతి ఎక్కడా లేదు. అందులో ఒక పెళ్ళివాళ్ళు గురువారం సినిమా తీసుకోవడానికి వస్తున్నారు. మిషనుకున్న పెన్‌డ్రైవు లేదు, ఫైళ్ళు కనబడడం లేదు అని నేను చెప్పగానే ఉమ్ యూసుఫ్ ముఖం పాలిపోయింది. తరవాత ఎర్రబడింది. అందరినీ ముందు గదిలోకి పిలిచింది.

"లోపలి మిషనుకున్నది ఎవరు తీశారు?"

"నేనే మామా" అంది రాహేలు.

"బల్లల మీద ఉన్నవి తియ్యమన్నాను. ఆ గదిలో మిషను మీద చెయ్యి వెయ్యమని నీకెవరు చెప్పారు?"

నిజానికి నియమంలో ఏ మిషనైనా అనే ఉంది. రాహేలు ఆ మాట అనలేదు. "తప్పయిపోయింది మామా" అంది.

"గురువారం వాళ్ళొచ్చేసరికి పెళ్ళి కనబడాలి. లేకపోతే నీ ఇఖామా కాన్సిల్. ఇంటికి వెళ్ళిపో. ఖలాస్." ఇఖామా అంటే ఆ దేశంలో ఉండడానికిచ్చే పర్మిట్టు.

ఆ గదిలో నేనున్నాను. పెన్‌డ్రైవు నాది, చెప్పకుండా వెళ్ళింది నేను, ఆపి వెయ్యమన్నది నేను. ఉమ్ యూసుఫ్ ఎవరు తీశారని అడిగింది గానీ, ఎవరు పెట్టారని అడగలేదు. ఆ సందులో నేను దాక్కున్నాను. "ముందు డిస్కులు చూస్తాను మేడమ్" అని గొణిగి వెనక గదిలోకి వెళ్ళిపోయాను. పిల్లలూ, ఈ పనిలో నేను చేసిన తప్పుల్లో మొదట వరసలో ఉండేది ఇదే. మిగతావాటికి అలసట అనో, తెలియకపోవడం అనో సాకులున్నాయి. దీనికి పిరికితనం తప్ప ఇంకేమీ లేదు. సమీర్ గారు అప్పటికే రిటైరై వాళ్ళ ఊరు వెళ్ళిపోయారు. ఉండి ఉంటే నా ముఖం చూడగానే పోల్చుకునేవారు.

నాలుగు డిస్కులు, నాలుగు నకళ్ళు

అయితే ఆయన చెప్పిన మొదటి సగం నన్ను కాపాడింది. అసలు డిస్కుల్ని ముట్టుకోలేదు. అదే సైజువి నాలుగు కొత్త డిస్కులు కొనుక్కొచ్చి, ఒక్కొక్కదాన్నీ మొదటి నుంచి చివరిదాకా నకలు తీశాను. నకలన్న మాట వినగానే ఉమ్ యూసుఫ్ తలుపు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంది. అయ్యాక వాటిని తన కళ్ళముందే పగలగొట్టాలని మాట తీసుకుంది. ఆదివారం సాయంత్రం మొదలైన నకళ్ళు సోమవారం మధ్యాహ్నానికి పూర్తయ్యాయి.

ఆ పూట నా తెలివి చూపించాను. చేట అడుగుతోంది కదా, అసలు ఈ నాలుగూ ఇప్పుడే కొత్తగా కలుస్తున్నట్టు సాఫ్ట్‌వేరును నమ్మిస్తే అడగదు కదా అనుకున్నాను. నకళ్ళ మీద అలాగే చేశాను. డిస్కుల వరస తప్పు ఇచ్చాను. దాంతో మిగిలున్న అరవై ఒకటి అన్న అంకె కూడా తుడిచిపెట్టుకుపోయింది. అసలువాటి మీద చేసి ఉంటే మూడు పెళ్ళిళ్ళూ అక్కడికక్కడే సమాధి అయ్యేవి. కాసేపు నేలమీద కూర్చుండిపోయాను. తరవాత లేచి మళ్ళీ నకళ్ళు తీయడం మొదలుపెట్టాను. ఇంకో రోజు పోయింది.

ఆ నకళ్ళు తిరుగుతున్నంతసేపూ చదివాను. ఈ సాఫ్ట్‌వేరు రాసినవాళ్ళూ, వాడేవాళ్ళూ ఈమెయిళ్ళలో మాట్లాడుకునే ఒక చోటు ఉంది. అక్కడ నా గోడు అంతా రాశాను. ఏం చేశానో, ఏ వరసలో చేశానో, తెర మీద ఏం వచ్చిందో, ఒక్క అబద్ధం లేకుండా. చూశారా, ముఖం తెలియనివాళ్ళకి నిజం చెప్పడం ఎంత సులువో. మంగళవారం పొద్దున్నకి ఎవరో జవాబిచ్చారు. ఎక్కడివాడో తెలియదు, నాకు రుణపడిందేమీ లేదు. ఈ సాఫ్ట్‌వేరులో ఈమధ్యే వచ్చిన కొత్త వెర్షన్‌లో సరిగ్గా ఇలాంటివాళ్ళ కోసమే ఒక మాట చేర్చారట. చేట పోయింది, పోయిందని నాకు తెలుసు, అయినా కానివ్వు అని చెప్పే మాట. ఆగిపోయిన చోట ఒక చిన్న ముక్క పాడయి ఉండవచ్చు, మిగతాది రావాలి అని రాశాడు. చివర్లో, నకళ్ళ మీద చేస్తున్నందుకు సంతోషం అని కూడా రాశాడు. అది చదివి సమీర్ గారిని తలుచుకున్నాను.

కొత్త వెర్షన్ ఎక్కించి, నకళ్ళ మీద ఆ మాట ఇచ్చాను. పాత అంకె తెర మీదకి వచ్చింది. అరవై ఒకటి. చాలాసేపు అలాగే ఉంది. దాని పక్కన చుక్క తరవాతి అంకె మారింది. మళ్ళీ మారింది. కదులుతోంది. వెనక గదిలో ఒక్కణ్ణే కూర్చుని కళ్ళు తుడుచుకున్నాను.

తలుపుకి ఇవతల

బుధవారం సాయంత్రానికి వంద అయింది. ఫైళ్ళ పేర్లన్నీ వచ్చాయి. కానీ పేరుండడం వేరు, లోపల బొమ్మ ఉండడం వేరు. మామూలుగా అయితే నేనే నాలుగు తెరిచి చూస్తాను. ఇక్కడ అది కుదరదు. అవి ఆడవాళ్ళ పెళ్ళిళ్ళు. చూడగలిగినది, ఏ ముక్క తరవాత ఏది రావాలో తెలిసినది ఒక్క రాహేలే. తను పంపించేస్తానన్న మనిషినే ఉమ్ యూసుఫ్ పిలిపించింది. రాహేలు లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది.

తలుపుకి ఇవతల రెండు కుర్చీల్లో నేనూ, ఉమ్ యూసుఫూ. చాలాసేపు ఏమీ వినబడలేదు. తరవాత సన్నగా డప్పులు. ఆ వెంటనే ఒకేసారి పదిమంది ఆడవాళ్ళు నాలుక ఆడిస్తూ చేసే మంగళధ్వని. ఉమ్ యూసుఫ్ కళ్ళు మూసుకుంది. ఏదో ప్రార్థన చేసుకుంటోంది. నాకు ఆ పెళ్ళికూతురి ముఖం ఈ జన్మలో కనబడదు. అయినా ఆ చప్పుడు విన్నంత సంతోషం నా సొంత పెళ్ళిలో కూడా కలగలేదు. ఈ ముక్క మా ఆవిడ చదవకూడదని కోరుకుంటున్నాను.

ఆ డప్పుల మధ్యలోనే చెప్పాను. "మేడమ్, ఆ పెన్‌డ్రైవు నాది. తియ్యవద్దని నేను ఎవరికీ చెప్పలేదు. మిషను ఆపి వెయ్యమన్నది కూడా నేనే. రాహేలు మీ నియమం ప్రకారమే చేసింది."

ఆమె కళ్ళు తెరిచి నన్ను చూసింది. "ఆదివారం నువ్వు ఆ గదిలోనే ఉన్నావు కదా?"

"ఉన్నాను."

"నాలుగు రోజులు."

"అవును మేడమ్."

మంగళధ్వని విన్నాక ఒప్పుకోవడంలో గొప్పేమీ లేదని నాకు తెలుసు. ఆమెకూ తెలుసు. "నేను ఆమెను అందరి ముందు అన్నాను. నువ్వు కూడా అందరి ముందే చెప్పు. తరవాత నేనూ చెప్పాల్సింది ఉంది" అంది.

రాహేలు రెండు గంటల తరవాత తలుపు తీసింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "అన్నీ ఉన్నాయి మామా. రెండో పెళ్ళిలో ఒకచోట నాలుగు సెకన్లు బొమ్మ గళ్ళుగళ్ళుగా విరిగిపోయింది. అక్కడ పెళ్ళికూతురి పిన్ని కుర్చీ సర్దుకుంటన్నారు. ఆ ముక్క మనకి అక్కర్లేదు, కోసేత్తాను." ఈ మాటల్ని సగం అరబ్బీలో ఆమెకి, సగం తెలుగులో నాకు చెప్పింది.

అందరి ముందు

గురువారం పొద్దున్న ఆ పెళ్ళివాళ్ళు వచ్చి సినిమా తీసుకుని సంతోషంగా వెళ్ళారు. వాళ్ళు వెళ్ళాక ఉమ్ యూసుఫ్ అందరినీ ముందు గదిలోకి పిలిచింది. నేను చెప్పాను. తరవాత ఉమ్ యూసుఫ్ లేచి రాహేలు దగ్గరకి వెళ్ళి, ఆమె నుదుటి మీద ముద్దు పెట్టింది. అక్కడ పెద్దవాళ్ళకు గౌరవంగా అలా పెడతారు. యజమాని పనిచేసే మనిషికి అలా పెట్టడం నేను ఇంకెక్కడా చూడలేదు.

నన్ను పనిలోంచి తీసెయ్యలేదు. నియమాల కాగితం కింద ఇంకో వరస చేర్పించింది: మిషనుకు ఏదైనా తగిలించినవాడు దాని మీద పేరు రాసిన కాగితం అంటించాలి. అసలు డిస్కుల్ని కూడా అదే మాట ఇచ్చి సరిచేశాక, నకళ్ళున్న డిస్కుల్ని వెనక సందులో సుత్తితో నా చేతే పగలగొట్టించింది. ఆ తరవాత ఐదేళ్ళు ఆ స్టూడియో పని నేనే చూశాను.

మధ్యాహ్నం రాహేలు బస్సు కోసం నిలబడి ఉంటే కారు ఆపి దిగాను. క్షమించమని అడిగాను. "అయ్యో, అదేటండి" అంది. నాకు ఒకటి మాత్రం అర్థం కావడం లేదన్నాను. "ఆ పెన్‌డ్రైవు నాదని నీకు తెలుసా?"

"తెల్సండి. మీరు పెడతంటే తలుపు సందులోంచి సూసేను. మర్సిపోయి ఎల్లిపోయేరు అనుకుని తీసేనండి."

"మరి ఆదివారం ఆవిడ నిన్ను అంతలేసి మాటలంటుంటే నా పేరెందుకు చెప్పలేదు?"

రాహేలు రోడ్డు వైపు చూస్తూ చెప్పింది, కూరలో ఉప్పు ఎంత వెయ్యాలో చెప్పినట్టు. "మామాకి కోపమొత్తే ఎదురుగా ఉన్న మనిసిని పంపేత్తారండి. నేను ఇన్నేళ్ళు సూత్తన్నాను కదండీ. మీ పేరు సెప్పేననుకోండి, మిమ్మల్ని యల్లా, పో అని అప్పుడే బయటికి గెంటేద్దురు. ఆ డిస్కులు ఎవరు బాగుసేత్తారండి? నన్నంటే సినిమా కూర్సాలి కదాని గురువారం దాకా ఉంచేరు. ఆ నాలుగు రోజులూ మీరు లోపలుండాలి కదండీ."

"నేను బాగు చెయ్యలేకపోతే?"

"అప్పుడు ఎలాగా ఎల్లిపోయేదాన్నేనండి."

బస్సు వచ్చింది. "వత్తానండి" అని ఎక్కి, కిటికీ పక్కన సీటు చూసుకుని కూర్చుంది.

ఆ ఆదివారం ఆ గదిలో ఇద్దరం నోరు మూసుకున్నాం. నేను భయపడి మూసుకున్నాను, ఆమె ఆలోచించి మూసుకుంది. చూసేవాళ్ళకి రెండూ ఒకేలా కనిపించాయి.